రుసైల్ బట్టీకి కళాయి

రఘుపతి ఒమన్‌లో బట్టీ కాసేవాడు. ఈ మాట మెట్‌పల్లి చుట్టుపక్కల ఎవరితో అన్నా ముందు నవ్వుతారు, ఆ తర్వాత గొంతు తగ్గించి సీసా ఎంత పడుతుందని అడుగుతారు. వాళ్ళను తప్పు పట్టడానికి లేదు. ఆ వైపు బట్టీ అంటే సారా బట్టీయే. రఘుపతి కాచింది మాత్రం నీళ్ళు. ఉప్పు నీళ్ళలోంచి శుద్ధమైన నీళ్ళు తీయడం అతని ఉద్యోగం. మస్కట్ దాటాక రుసైల్‌లో ఉన్న ఒక చిన్న కంపెనీ అతన్ని ఆ పనికి పెట్టుకుంది.

"నీళ్ళు కాస్తే నీళ్ళే గదరా వచ్చేది! దానికోసం దుబాయి దాంక పోవాల్నా?" అని మొదటిసారి సెలవులో వెళ్ళినప్పుడు మేనమామ గంగన్న అడిగాడు. ఆయన లెక్కలో సముద్రం అవతల ఉన్నదంతా దుబాయే.

"తాగే నీళ్ళు గావు మామా. అండ్ల ఏముండది. ఉప్పుండది, సున్నముండది, రుచి గూడ ఉండది."

"ఏం లేని నీళ్ళకు పైసలిస్తరా? అయితే నీ కంపెనోళ్ళు పిచ్చోళ్ళన్న అయ్యుండాలె, దొంగలన్న అయ్యుండాలె."

రఘుపతి నవ్వి ఊరుకున్నాడు. నవ్వాడన్న మాటే గాని లోపల ఒళ్ళు మండింది. అతనిది ముక్కు మీద కోపం. పైగా ఆ నీళ్ళల్లో ఏమీ లేకుండా చేయడానికి ఎంత కాపలా కాయాలో అతనికి తెలుసు. అది కాస్తే తప్ప తెలియదు, చెబితే తెలిసేది కాదు.

అసలు అతను ఒమన్ వచ్చింది ఇబ్రాలో కట్టడం పనికి. వచ్చిన రెండో ఏడు పరంజా మీద నుంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. అతుక్కుంది గాని సరిగ్గా అతుక్కోలేదు. ఒక కాలు ఈడ్చి నడవాలి, బరువు ఎత్తకూడదు. అలాంటి మనిషిని ఏ కంపెనీ అయినా విమానం ఎక్కించేస్తుంది. ఇతని అదృష్టం కొద్దీ ఆ కట్టడాల ఓనరుకే రుసైల్‌లో బ్యాటరీ నీళ్ళ ఫ్యాక్టరీ కూడా ఉంది. అక్కడ బట్టీ ముందు స్టూలు మీద కూచుని మంట చూసుకునే మనిషి కావాల్సి వచ్చింది. అట్లా 1988లో రఘుపతి ఆ స్టూలు మీద కూచున్నాడు. ఊరికి పోతే అరక పట్టలేడు, మూట మోయలేడు. ఆ స్టూలు తప్ప ఈ లోకంలో తనకు పని ఇచ్చే చోటు ఇంకొకటి లేదని అతనికి బాగా తెలుసు. అందుకే దాన్ని అంత గట్టిగా పట్టుకున్నాడు.

బట్టీ చూడటానికి పెద్ద రాగి కాగులా ఉండేది. దాని మీద గోపురం లాంటి రాగి మూత. మూత నుంచి ఏనుగు తొండంలా ఒక మెడ పక్కకు వంగి, గాజు గొట్టంలోకి దిగేది. గాజు గొట్టం చుట్టూ చల్లనీళ్ళు పారుతుంటాయి. కాగులో మరిగిన నీళ్ళు ఆవిరై పైకి లేచి, మెడ దాటి, గాజులో చల్లబడి, బొట్టు బొట్టుగా పెద్ద గాజు జాడీలోకి పడతాయి. ఉప్పూ సున్నమూ కాగు అడుగున ఉండిపోతాయి. మూతకీ మెడకీ లోపలి వైపు తగరం పూత, అంటే మనం వంట గిన్నెలకు పెట్టించుకునే కళాయే. రాగి నీళ్ళలోకి దిగకుండా అది అడ్డం.

ఆ నీళ్ళు సగం కార్ల బ్యాటరీలకు పోయేవి. మిగతా సగం మందుల షాపులకూ క్లినిక్కులకూ పోయేవి. పిల్లలకిచ్చే పొడి మందు సీసాలు ఉంటాయి గదా, వాటిల్లో ఈ నీళ్ళే కలిపి ఇచ్చేవారు.

నీళ్ళు బాగున్నాయో లేదో చెప్పాల్సింది సుమలత. ఆమె ఆ కంపెనీ కెమిస్టు, రాజమండ్రి మనిషి. భర్త మస్కట్ రువీలో ఆఫీసు ఉద్యోగి, కాపురం దార్సైట్‌లో. రోజూ పొద్దున కంపెనీ వ్యానులో వచ్చి, చీర కొంగు బొడ్లో దోపి, తెల్లకోటు తొడిగేది. జాడీలోంచి కాసిన్ని నీళ్ళు గాజు గొట్టంలో పట్టి, ఒక చుక్క ఆమ్లం వేసి, పైన నల్ల సీసాలోంచి వెండి మందు ఒక చుక్క వేసేది. నీళ్ళు అద్దంలా తేటగా ఉంటే పాసు. తెల్ల మబ్బు కమ్మితే అందులో ఉప్పు ఉన్నట్టు. చిటికెడు ఉప్పు ఒక తొట్టెడు నీళ్ళలో పడినా ఆ మందు పట్టేసేది.

రఘుపతి ల్యాబ్ గుమ్మంలో కాలు ఆనించి నిలబడి, ఆ చుక్క పడేదాకా ఊపిరి బిగబట్టేవాడు.

"పాసేనా మేడం?"

"పాసేనండీ. మీరు రోజూ ఇలా నిలబడితే నాకే పరీక్ష రాస్తున్నట్టుంది."

అప్పుడు గాని అతనికి చాయ్ రుచించేది కాదు.

ఇక తొంభై ఒకటి దసరాకు వద్దాం. కంపెనీ క్యాంపులో కరీంనగర్, నిజామాబాద్ వాళ్ళు బాగానే ఉండేవారు. ఆయుధపూజ మానేది లేదు. డ్రైవర్లు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు, మెకానిక్కు పానాలన్నీ కడిగి బొట్లు పెట్టాడు. మరి రఘుపతి ఆయుధం ఏది? బట్టీయే గదా. ముందు రోజు శుక్రవారం సెలవు. మూత దించాడు, మెడ విప్పాడు. రువీ నుంచి చింతపండు, రాళ్ళుప్పు తెచ్చుకున్నాడు. మన ఇళ్ళల్లో దేవుడి ఇత్తడి, రాగి బిందెలు ఎట్లా తోముతామో అట్లా తోమాడు. బయట తోమి ఊరుకుంటే కథ ఉండేది కాదు. పని చేస్తే లోపలా బయటా చేయాలన్నది అతని పద్ధతి. లోపల ఏదో మబ్బుగా, బూడిదరంగు పొర పట్టి ఉంది. ఇన్నేళ్ళ మురికి అనుకున్నాడు. ఇసక కలిపి, తుంటి నొప్పి ఓర్చుకుంటూ, ఆ పొర పోయి ఎర్రగా నిగనిగలాడేదాకా రుద్దాడు. తర్వాత కడిగి, బిగించి, పసుపు పూసి కుంకుమ పెట్టి, దార్సైట్ కృష్ణుడి గుడి నుంచి తెచ్చిన బంతిపూల దండ వేశాడు. చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. పెళ్ళికూతురిలా ఉందన్నారు.

పండగ మర్నాడు సుమలత వెండి మందు చుక్క వేసింది. నీళ్ళు బియ్యం కడిగిన కుడితిలా తెల్లబడ్డాయి.

ఆమె గొట్టం మార్చి చూసింది, మందు మార్చి చూసింది. అదే తెలుపు. ఆ రోజు నీళ్ళు పారబోశారు. మర్నాడూ పారబోశారు. మందుల షాపులకు సరుకు ఆగిపోయింది. మేనేజరు సారు బొంబాయి మనిషి, మామూలుగా నెమ్మదస్తుడే, ఆయన కూడా ల్యాబ్‌కూ బట్టీకీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టాడు.

రఘుపతికి దొంగ దొరికాడు. ఎవరు? నీళ్ళ ట్యాంకర్ తెచ్చే బాబు మియా. కడప మనిషి. ఎప్పుడూ పాటలు పాడుకుంటూ వచ్చి, పైపు తగిలించి, నీళ్ళు దిగేలోపు ఒక కునుకు తీసేవాడు. పాడే మనిషి మీద, పడుకునే మనిషి మీద రఘుపతికి మొదటి నుంచీ నమ్మకం తక్కువ.

"ఏ బాయి నీళ్ళు తెచ్చినవ్ భాయ్? సముద్రం ఒడ్డు బాయి దగ్గరున్నదని అండ్లకెల్లి నింపుకచ్చినవా?" అని గేటు దగ్గరే నిలదీశాడు, పదిమంది వినేటట్టు.

"ఏమప్పా, నోరు అదుపులో పెట్టుకో! నేను తెచ్చేవి ఎప్పుడూ తెచ్చే బాయి నీళ్ళే. ఈ పొద్దు కొత్తగా ఉప్పేసుకోని వస్తానా?"

"ఏసుకచ్చినవో, ఏసుకరాలేదో అల్లాకే తెల్వాలె."

"అల్లాను నడమ ఏంటికి తెస్తావ్? నీ బట్టీ సంగతి నువ్వు చూసుకో పో."

మాటా మాటా పెరిగింది. సాయంత్రానికి మేనేజరు సారు బాబు మియా ట్యాంకర్‌ను ఆపేసి వేరే ట్యాంకర్ పిలిపించాడు. రఘుపతి ఆ రోజు అన్నం కడుపునిండా తిన్నాడు.

కొత్త ట్యాంకర్ నీళ్ళతో కాచినా తెలుపు పోలేదు.

అప్పుడు సుమలత బట్టీ దగ్గరికి వచ్చింది. "కాగులో ఎంత ఉప్పు ఉన్నా అది ఆవిరితో పైకి రాదండీ. అందుకేగా బట్టీ పెట్టుకున్నది. తప్పు నీళ్ళది కాదు. ఆవిరి పోయే దారిలో ఏదో ఉంది. మూత తీయించండి" అంది.

మూత దించారు. లోపల ఎర్రటి రాగి ధగధగా మెరుస్తోంది. అక్కడక్కడ అతుకుల్లో లేత పచ్చటి చిలుము చారలు.

"ఇదెవరు తోమారు?"

రఘుపతి ఛాతీ ఒక అంగుళం పెరిగింది. "నేనే మేడం. దసరాకు. మూడేండ్ల సంది ఎవ్వలు ముట్టలే, గంత మురికి పట్టింది. సెయ్యి పెట్టి రుద్ది రుద్ది తీసిన."

"దేంతో?"

"చింతపండు, రాళ్ళుప్పు..."

ఉప్పు అన్న మాట నోట్లోంచి సగం వచ్చాక అతని చెవిన పడింది. నాలుక కరుచుకున్నాడు. సుమలత కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. కొంగుతో మొహం తుడుచుకుని, "మా అత్తగారు కూడా దేవుడి సామాను ఇలాగే తోముతారు. అతుకుల్లో దూరిన ఉప్పు నాలుగు రోజులు ఆవిరి పట్టిస్తే పోతుంది. కానీ మీరు తీసేసింది మురికి కాదండీ. తగరం. అది లేకపోతే రాగి నీళ్ళలోకి దిగుతూనే ఉంటుంది" అంది.

రఘుపతికి తల కొట్టేసినట్టయింది. తన చేత్తో తానే చేసుకున్నాడు. పైగా పాడుకుంటూ బతికే మనిషి పొట్ట మీద కొట్టాడు. నేరుగా మేనేజరు గదిలోకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ట్యాంకర్ తప్పేం లేదని మొదట చెప్పాడు, తన తప్పు తర్వాత చెప్పాడు.

"యే ఫ్యాక్టరీ హై రఘుపతీ, మందిర్ నహీ" అన్నాడు మేనేజరు సారు నుదురు కొట్టుకుని. బాబు మియాను తిరిగి పిలిపిస్తానన్నాడు. బట్టీ మాత్రం ఇక చాలన్నాడు. పాత సామాను, పోతే పోయింది, ఇక మీదట నీళ్ళు దుబాయి నుంచి క్యాన్లలో తెప్పించుకుంటే సరిపోతుంది. బట్టీ లేకపోతే బట్టీ కాసే మనిషి దేనికి? ఆ నెలాఖరు గురువారానికి రఘుపతి పేర టికెట్ తీయమని ఆఫీసులో చెప్పేశాడు.

"సార్, గురువారం దాంక నాకు ఇడ్సిపెట్టుండ్రి. మల్ల పూత పెట్టిస్త. నీళ్ళు పాసు గాకుంటే నేనే సంచి సదురుకొని విమానం ఎక్కుత" అన్నాడు రఘుపతి వచ్చీరాని హిందీలో.

"కౌన్ కరేగా?"

"ఎవలన్న దొరుకుతరు సార్."

ఎవరూ దొరకలేదు. రువీలో అడిగాడు, మత్రా సూక్ బజార్లో అడిగాడు. గిన్నెలకు కళాయి పెట్టేవాడు ఉన్నాడా అంటే అందరూ స్టీలు గిన్నెలు కొనుక్కోమన్నారు. చివరికి క్యాంపు వంటవాడు తాపీగా చెప్పాడు. "బాబు మియా వాళ్ళది తాతల కాన్నుంచి కళాయి పనే గదా, నీకు తెల్వదా?"

ఎరిగి ఉంటే ఆ గేటు దగ్గర అంత నోరు పారేసుకునేవాడు కాదేమో. ఏమో, పారేసుకునేవాడేనేమో. మొత్తానికి కాలు ఈడ్చుకుంటూ హమ్రియాలో బాబు మియా ఉండే రూమ్ వెతుక్కుంటూ వెళ్ళాడు. సందులో మెట్ల మీద కూచుని బాబు మియా ఉల్లిపాయలు తరుగుతున్నాడు.

"భాయ్, తప్పు నాదే. నీ నీళ్ళు మంచియే. నలుగురిల నిన్ను అన్న. నలుగురిలనే తప్పు ఒప్పుకుంట."

బాబు మియా తల ఎత్తకుండా తరుగుతూనే ఉన్నాడు. "ఉల్లిగడ్డ వల్ల వస్తాండయి కండ్లనీళ్ళు. నిన్ను జూసి కాదు" అన్నాడు.

"ఎర్కే భాయ్."

"సరే, ఒప్పుకుంటివి. ఇంగేం కావల్ల? ఊరికే రాలేదు గదా నువ్వు."

రఘుపతి చెప్పాడు. కళాయి మాట వినగానే బాబు మియా కత్తి కింద పెట్టాడు. "మా అబ్బా చేతి కింద కొలిమి ఊదినా. చేయి మర్చిపోలేదనుకుంటాండా. రాగి సామాను చెడగొట్టినోడు మంచోడు కాడు గాని, బాగు చేయల్లని తిరిగేటోడు మరీ చెడ్డోడూ కాడు. పా, పోదాం."

సుమలత విదేశాల నుంచి స్వచ్ఛమైన తగరం తెప్పించాలంటే వారాలు పడుతుందంది. బాబు మియా మత్రా సూక్‌లో ఒక కడ్డీ సంపాదించాడు. ఫ్యాక్టరీ వెనక గోతిలో బొగ్గులు పోసి, మూతను వెల్లకిలా పెట్టి కాల్చాడు. కాలిన రాగి మీద నవసాగరం పొడి చల్లితే తెల్లటి పొగ గుప్పున లేచింది. కడ్డీ తీసుకుని, మంటకు చూపే ముందు, చెవి దగ్గర పెట్టుకుని వంచాడు. మళ్ళీ వంచాడు. మొహం ముడిచాడు.

"ఏమైంది భాయ్?"

"మంచి తగరమైతే వంచితే ఏడుస్తాది. కిర్రుమంటాది. ఇది ఏడ్వడంల్యా. సీసం కలిపినారేమో అని నాకు అనుమానం."

రఘుపతి గురువారం గుర్తు చేసుకున్నాడు. "పెట్టు భాయ్. టైం లేదు."

బాబు మియా పెట్టాడు. కరిగిన తగరాన్ని పత్తితో చుట్టూ తిప్పుతుంటే ఎర్ర రాగి మీద వెన్నెల పాకినట్టు పాకింది. చూడటానికి ఎంత ముచ్చటగా ఉందో! నవసాగరం కూడా ఉప్పు జాతిదే కాబట్టి, సుమలత చెప్పినట్టు బట్టీ బిగించి ఆవిరి పట్టించీ పట్టించీ నీళ్ళు పారబోశారు. ఆ తర్వాత పట్టిన నీళ్ళలో ఆమె వెండి మందు చుక్క వేసింది. తేటగా ఉంది. అందరూ ఉన్నారు. మేనేజరు సారు గొట్టాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూసి, "బహుత్ అచ్ఛా" అన్నాడు. షాపులకు ఫోన్ చేయడానికి వెళ్ళబోయాడు.

ఉప్పు పరీక్ష ఒకటి. లోహం పరీక్ష ఇంకొకటి. దానికి వేరే సీసా ఉంది. మూత తీస్తే కుళ్ళిన కోడిగుడ్డు కంపు. నీళ్ళలో రాగి గాని సీసం గాని ఉంటే ఆ చుక్క పడగానే గోధుమరంగు తిరుగుతుంది. సుమలత ఆ సీసా చేతిలోకి తీసుకుంది. రఘుపతి వంక చూసింది. ఏమనుకుందో ఏమో, తిరిగి అల్మరాలో పెట్టేసింది.

రఘుపతి ఆ చేతినే చూస్తున్నాడు. అడగకపోతే ఈ పూట గడుస్తుంది. పనీ నిలుస్తుంది. కానీ ఆ కడ్డీ ఏడవలేదు. ఏడవలేదని విన్నవాడు తానే, పెట్టు అన్నవాడూ తానే. ఈ నీళ్ళు రేపు ఏ బిడ్డ మందులోనో పడతాయి.

"మేడం, ఆ కోడిగుడ్డు వాసన సీసా ఎందుకు లోపల పెట్టిండ్రు?"

"రేపు చూద్దామండీ," అంది సుమలత మెల్లగా. "ఈ రోజుకి మీ టికెట్ ఆగనివ్వండి."

"వద్దు మేడం. ఇప్పుడే ఎయ్యుండ్రి. సారు ముంగట్నే ఎయ్యుండ్రి."

వేసింది. కంపు గది నిండింది. గొట్టంలో నీళ్ళు నెమ్మదిగా, పలచటి చాయ్ రంగు తిరిగాయి. మేనేజరు సారు షాపులకు ఫోన్ చేయడం మానుకున్నాడు. సుమలత కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తనను తాను తిట్టుకుందో, అతన్ని తిట్టుకుందో తెలియదు.

"టికెట్ వచ్చే గురువారానికి గద సార్," అన్నాడు రఘుపతి. "రేపు శుక్రారం. మల్ల పెడ్తం."

మర్నాడు తెల్లవారగానే బాబు మియా ఖాళీ ట్యాంకర్‌లో ఇద్దరూ నిజ్వా బయల్దేరారు. అక్కడి సూక్‌లో ఇంకా రాగి పనివాళ్ళు ఉన్నారు, ఒమానీ ఇళ్ళలో కాఫీ పోసే దల్లా అనే కూజాలకు లోపల కళాయి పెట్టేవాళ్ళు. తలపాగా చుట్టుకున్న ఒక ముసలాయన కొట్టు ముందు దల్లాల గుట్ట పడి ఉంది. బాబు మియా తనకొచ్చిన అరబీలో విషయం చెప్పాడు. ముసలాయన పెట్టెలోంచి ఒక కడ్డీ తీసి, రఘుపతి చెవి దగ్గర పెట్టి వంచాడు. కిర్రుమని సన్నగా, పసిబిడ్డ నిద్రలో మూలిగినట్టు వినపడింది.

"ఇది అమ్మేది కాదంటాండాడు," అన్నాడు బాబు మియా. "పెళ్ళిళ్ళ కాలమంట. దల్లాలన్నీ ఎవరెవరివో, ఈయనకు చేయి నొప్పంట. ఉన్న తగరం వాటికే చాలదంట."

రఘుపతి ఆ గుట్టను చూశాడు. "భాయ్, చేయి నొప్పయితే మనకున్నయి గద చేతులు. మనం పెట్టి ఇస్తమని చెప్పు. తగరం పిసరు పోకుంట పెట్టు, మిగిలిందే అడుగుదాం."

ఆ మాట అరబీలోకి ఎట్లా దిగిందో గాని ముసలాయన పకపకా నవ్వి పక్కకు జరిగి చోటిచ్చాడు. ఆ రోజంతా రఘుపతి తుంటి సలుపుతుంటే కొలిమి తిత్తి ఊదాడు. బాబు మియా పాట అందుకుని దల్లా వెనక దల్లా కళాయి పెట్టాడు. పాడుతూ పనిచేస్తే పత్తి ఎంత సమంగా తిరుగుతుందో రఘుపతి అప్పుడు చూశాడు. ముసలాయన ఖర్జూరాలు, కాఫీ పెట్టాడు. పొద్దు వాలాక తన పెట్టెలోని మిగిలిన కడ్డీ తీసి, ఇంకొకటి దాని మీద పెట్టి ఇచ్చాడు.

ఫ్యాక్టరీలో సీసం కలిసిన పూతను కాల్చి, కరిగించి, పత్తితో తుడిచేశారు. ఇసకతో రుద్దారు. మళ్ళీ కాల్చి, మళ్ళీ పూశారు, మళ్ళీ తుడిచారు. ఆ పైన మూడో పూత పెట్టారు. బాబు మియా చాలన్నా రఘుపతి వినలేదు. ఆవిరి పట్టించడం మొదలుపెట్టాక బట్టీ పక్కనే చాప వేసుకున్నాడు. రోజూ సుమలత వచ్చి చుక్క వేయడం, ఉప్పు జాడ ఇంకా ఉందనడం, అతను జాడీ ఎత్తించి పారబోయించడం. మేనేజరు సారు దారిన పోతూ తొంగిచూసి తన గదికి వెళ్ళేవాడు. బుధవారం మాత్రం టికెట్ తెచ్చి ల్యాబ్ బల్ల మీద పెట్టాడు.

"రఘుపతి గారూ, రండి" అని ఆ సాయంత్రం సుమలత పిలిచింది.

అతను గుమ్మంలో నిలబడలేదు, లోపలికి వచ్చాడు. ఆమె గొట్టాలు రెండు పక్కపక్కన పెట్టింది. ఒకదానిలో వెండి మందు వేసింది. కిటికీ దగ్గర పట్టుకుంది. తేట. రెండోదానిలో కంపు కొట్టే చుక్క వేసింది. అందరూ ముక్కు మూసుకుని చూశారు. తేట. ఆమె సరిపోదని ఇంకో చుక్క వేసింది. కాసేపు ఆగి చూసింది. వెనక తెల్లకాగితం పెట్టి చూసింది. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.

"పాసు" అంది. అనేసి పైట చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

రఘుపతి పరంజా మీంచి పడ్డప్పుడు ఏడవలేదు. తుంటి ఎముక సరిచేసినప్పుడూ ఏడవలేదు. ఇప్పుడు ల్యాబ్ నేల మీద కూలబడి, అందరి ముందూ, సిగ్గు లేకుండా ఏడ్చాడు. బాబు మియా అతని వీపు మీద చెయ్యి వేసి, "ఇది మంచి తగరమప్పా" అన్నాడు మేనేజరుతో, ఆయనకు తెలుగు రాదన్న సంగతి మరిచిపోయి.

మేనేజరు సారు బల్ల మీది టికెట్ తీసుకున్నాడు. చింపేస్తాడనుకున్నారు. చింపలేదు. జేబులోంచి పెన్ను తీసి దాని కవరు మీద తిరిగి రావాల్సిన తేదీ రాసి రఘుపతి చేతిలో పెట్టాడు. కొన్న టికెట్ కొన్నదే, సెలవు మీద పోయి రా, రిటర్న్ కూడా తీయిస్తున్నాను అన్నాడు. ఇల్లు చూసి రెండేళ్ళు దాటిందటగా అన్నాడు.

భార్య సత్తవ్వ మొహం కళ్ళముందు కదిలింది. ఇన్ని రోజులుగా ఆ మొహం తలుచుకోవాలంటేనే భయపడ్డాడు, ఏ మొహంతో ఇంటి గడప ఎక్కుతానా అని. ఇప్పుడు తలుచుకున్నాడు. అయినా టికెట్ పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు.

"బట్టీ ఎవలు సూస్తరు సార్? కొత్త పూత. ఎక్కువ మంట పెడితే కారిపోతది."

మేనేజరు సారు సుమలత వంక చూశాడు. సుమలత తెల్లకోటు సర్దుకుంది. "ఎవరూ చూడరు సార్. ఇతను వచ్చేదాకా బట్టీకి తాళం వేసి ఉంచుదాం. ఈలోపు నీళ్ళు దుబాయి నుంచి తెప్పించండి" అంది.

ఆయన సరే అన్నాడు. రఘుపతి తిరిగి వచ్చి స్టూలు మీద కూచునేదాకా ఆ కంపెనీ బయటి నీళ్ళే కొనుక్కుంది.